చేతులు కట్టుకుని నిలబడే సిస్టర్: గొప్ప రీహ్యాబ్ నర్సును గుర్తించడం ఎలా?

నేను ఫిజియోథెరపిస్టుని. ఉదయం తొమ్మిదింటికి పేషెంటు నా దగ్గరికి వస్తూనే ఆయన భుజం చూస్తాను, మడమలు చూస్తాను, ముఖంలో రాత్రి నిద్ర పట్టిన ఛాయ ఉందో లేదో చూస్తాను. అంతటితో ముందు రాత్రి డ్యూటీలో ఎవరున్నారో చాలాసార్లు చెప్పేయగలను. కొందరు సిస్టర్ల చేతి మీదుగా వచ్చిన మనిషి పనికి సిద్ధంగా ఉంటాడు. ఇంకొందరి దగ్గర్నుంచి వచ్చిన మనిషితో నిన్నటి పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇన్నేళ్లలో నా పేషెంట్లు వేసిన ప్రతి అడుగుకీ మెచ్చుకోలు నాకే దక్కింది. అందులో సగానికి పైగా వార్డులో ఆ సిస్టర్లు సంపాదించి పెట్టిందే. ఆ బాకీ కొంతైనా తీర్చుకోవాలని ఇది రాస్తున్నాను.

గుర్తించడం అనే మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ఆనవాలు పట్టడం, రెండోది గుర్తింపు ఇవ్వడం. ఈ రెండూ ఈ వరుసలోనే జరగాలి. కానీ వార్డుల్లో తరచూ ఇది తలకిందులుగా జరుగుతుంది. అవార్డుకు పేరు పంపాల్సిన గడువు దగ్గరపడ్డాక ఎవరి ముఖం ముందు గుర్తొస్తే వాళ్ల పేరు రాసేస్తారు. మీరు పేషెంటు బంధువైనా, తోటి నర్సు అయినా, వార్డు ఇన్‌చార్జి అయినా, ఈ అడుగులు పాటిస్తే అలా జరగదు. ఇక్కడ సిస్టర్ అని రాస్తున్నది రాయడానికి వీలుగా ఉంటుందని మాత్రమే. నేను చూసిన అత్యుత్తమ నర్సుల్లో మగవాళ్లూ ఉన్నారు.

మొదటి అడుగు: ఆ పని అసలు ఏమిటో తెలుసుకోండి

ఎమర్జెన్సీలోనో ఐసీయూలోనో నర్సు పని ప్రాణం నిలబెట్టడం. అక్కడ వేగం కావాలి, పేషెంటుకు చేయాల్సినవన్నీ నర్సే చేసేయాలి. రీహ్యాబ్ వార్డుకు వచ్చేసరికి ప్రాణం నిలబడి ఉంటుంది. నిలబడాల్సింది మనిషి. పక్షవాతం వచ్చినవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, తలకు గాయమైనవాళ్లు, కాలు తీసేసినవాళ్లు మిగిలిన బలంతో మళ్లీ తమ పనులు తామే చేసుకోవడం నేర్చుకునే చోటు అది. నర్సు ఇక్కడ చేసిపెట్టే మనిషిగా ఉండిపోతే పేషెంటు మంచానికే అలవాటు పడిపోతాడు.

ఒక లెక్క చూడండి. అమెరికాలో ఆసుపత్రిలో ఉండి రీహ్యాబ్ తీసుకునేవాళ్లకు సాధారణంగా రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు థెరపీ ఉండాలనే కొలత ఉంది. ఫిజియో, ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు మళ్లీ నేర్పేది), స్పీచ్ థెరపీలు అన్నీ కలిపి ఆ 3 గంటలు. మిగిలిన 21 గంటలు నర్సులవి. నా దగ్గర నేర్చుకున్నది ఒంటికి పట్టేదీ, పట్టకుండా పోయేదీ ఆ 21 గంటల్లోనే.

ఈ విషయం కొత్తదేమీ కాదు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము గాయాల విభాగం మొదలుపెట్టే నాటికి అలాంటి గాయమైనవాళ్లలో ఎక్కువమంది పడకపుండ్లతోనో, మూత్రపు ఇన్ఫెక్షన్లతోనో చనిపోయేవారు. ఆయన పట్టుబట్టి చేయించిన పనుల్లో మొదటిది పగలూ రాత్రీ తేడా లేకుండా రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పడం. అదే ఆవరణలో 1948లో 16 మందితో జరిగిన విలువిద్య పోటీ తర్వాత పారాలింపిక్స్‌గా ఎదిగింది. ఆ విల్లు పట్టిన చేతుల వెనక, అర్ధరాత్రి దుప్పటి తీసి ఆ ఒళ్లు తిప్పిన చేతులు ఉన్నాయి.

రెండో అడుగు: చేతులు చూడండి

ఒక ఉదయం జరిగింది చెప్తాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన ఒక పెద్దాయన మంచం అంచున కూర్చుని చొక్కా వేసుకుంటున్నాడు. థెరపీకి టైమవుతోందని నేనే తలుపు దగ్గర నిలబడ్డాను. సిస్టర్ ఆయనకు ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముందు బలం లేని చేతిని స్లీవులోకి పంపాలి, తర్వాత బలమున్న చేతిని. విప్పేటప్పుడు దీనికి రివర్సు. ఆయన అలవాటు కొద్దీ ముందు కుడి చెయ్యి దూర్చేశాడు. ఇక ఎడమది ఎక్కదు. లాగుతున్నాడు, చొక్కా వీపు మీద ఉండచుట్టుకుపోతోంది. ఆవిడ కదల్లేదు. ఒక నిమిషం ఆగి, "ఏ చెయ్యి ముందు సార్?" అని మాత్రం అడిగింది. ఆయన ఆగాడు. మొత్తం విప్పేశాడు. ఒళ్లో పరుచుకుని, కుడి చేత్తో ఎడమ చేతిని పట్టుకుని స్లీవులోకి నడిపించాడు. గుండీలు ఒంటి చేత్తో కింది నుంచి పైకి పెట్టుకుంటూ వచ్చాడు. ఒక్కో గుండీకి నుదుటి మీద చెమట. కాలర్ దగ్గర గుండీ ఎంతకీ పడలేదు. "అది రేపు చూద్దాం" అంది సిస్టర్. పదకొండు నిమిషాలు పట్టింది. ఆవిడ ఆయన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

తానే తొడిగేసి ఉంటే నిమిషంలో అయిపోయేది. బయటి నుంచి చూసిన బంధువులకు ఆ నిమిషం సేవలా కనిపిస్తుంది, ఈ పదకొండు నిమిషాలు నిర్లక్ష్యంలా కనిపిస్తాయి. రీహ్యాబ్ నర్సును అపార్థం చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. అందుకే నిర్లక్ష్యానికీ, కావాలని ఆగడానికీ తేడా పట్టుకోవడం నేర్చుకోవాలి.

కళ్లు చూడండి. పట్టించుకోని మనిషి చూపు ఫోను మీదో, పక్క మంచం మీదో ఉంటుంది. కావాలని ఆగిన మనిషి చూపు పేషెంటు చేతుల మీదే ఉంటుంది, పాదాలు ముందుకు రావడానికి సిద్ధంగా ఉంటాయి. తర్వాత, సాయం ఎంత మోతాదులో ఇస్తుందో చూడండి. ముందు మాట. మాట చాలకపోతే సైగ. సైగా చాలకపోతే మోచేతి దగ్గర చిన్న ఆసరా. అప్పటికీ కాకపోతే పట్టుకుని చేయించడం. మంచి నర్సు ఈ మెట్లు ఒక్కొక్కటే దిగుతుంది, ఒక్కసారిగా కిందికి దూకదు.

ఈ మెట్లకు కొలతలున్నాయి. పేషెంటు తన పనులు ఎంతవరకు తానే చేసుకోగలడో కొలవడానికి రీహ్యాబ్‌లో విస్తృతంగా వాడిన ఎఫ్ఐఎం అనే స్కేలులో 18 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. 7 అంటే ఎవరి సాయమూ, ఏ పరికరమూ లేకుండా సురక్షితంగా చేసుకోవడం. 5 అంటే పక్కన మనిషి ఉండి చూసుకోవడమో, సామాను అందివ్వడమో చాలు. 4 అంటే పనిలో ముప్పాతిక వంతో అంతకంటే ఎక్కువో పేషెంటే చేస్తున్నాడు. 1 అంటే పేషెంటు వాటా పావు వంతు కూడా లేదు. చొక్కా విషయంలో ఆ పెద్దాయన 5 దగ్గర ఉన్నాడు. తొందరపడి తొడిగేసే నర్సు చేతిలో అదే మనిషి రోజూ 1గానే కనిపిస్తాడు. ఆయనకు ఏం వచ్చో ఆయనకే తెలియకుండా పోతుంది.

ఒక హెచ్చరిక. ఎప్పుడూ సాయం చేయకపోవడం గొప్పతనం కాదు. ఆ రోజు నా దగ్గర నడక ప్రాక్టీసు బరువుగా ఉందని తెలిస్తే ఇదే సిస్టర్ చొక్కా తనే తొడిగి, "మీ బలం కాళ్లకు దాచుకోండి" అని పంపిస్తుంది. ఎందుకు చేసిందో, ఎందుకు ఆగిందో అడిగిన వెంటనే చెప్పగలగడం అసలైన గుర్తు.

మూడో అడుగు: రాత్రి పూట వెళ్లి చూడండి

పగలు వార్డులో డాక్టర్లుంటారు, థెరపిస్టులుంటారు, బంధువులుంటారు. రాత్రి రెండింటికి ఎవరూ ఉండరు. మీరు ఇన్‌చార్జి అయితే చెప్పకుండా ఆ టైముకు ఒకసారి వెళ్లండి. బంధువైతే మీ వంతు వచ్చిన రాత్రి కళ్లు తెరుచుకుని ఉండండి.

పక్కకు తిప్పడం అందరికీ తెలిసిన పనే. ఎలా తిప్పారన్నది చూడాలి. తుంటి ఎముక మీద మొత్తం బరువు పడేలా పూర్తిగా పక్కకు తిప్పి పడుకోబెడితే పుండు చోటు మార్చుకుంటుందంతే. వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు మాత్రమే ఒరిగిస్తారు తెలిసినవాళ్లు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచుతారు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని పైకి లాగరు. ఆ భుజం కీలును పట్టి ఉంచే కండరాలు పనిచేయవు కాబట్టి ఒక్క లాగుడుకు కీలు జారి నెలల తరబడి నొప్పి పెట్టగలదు. నా దగ్గరికి వచ్చే భుజం నొప్పుల్లో కొన్ని అలా వచ్చినవేనని చూడగానే తెలుస్తుంది. అలాంటి రోజు నాకు నిజంగా దుఃఖం వస్తుంది.

తిప్పినప్పుడల్లా చర్మం చూస్తుందా? ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే అది పడకపుండుకు మొదటి దశ. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు. అక్కడ వేడిగా ఉందా, చుట్టుపక్కల కంటే గట్టిగానో మెత్తగానో ఉందా అని వేలి కొసలతో తడిమి చూస్తారు అనుభవమున్న నర్సులు. టార్చి లైటు వేసి, పేషెంటు నిద్ర చెడకుండా, నడుము దగ్గర అరచెయ్యి ఆనించి చూసే సిస్టర్‌ను చూస్తే ఆ పేరు వెంటనే రాసిపెట్టుకోండి. ఇంకా గొప్పవాళ్లు పేషెంటుకే అద్దం ఇచ్చి వీపు కింద ఎలా చూసుకోవాలో నేర్పుతారు. వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు 15 నుంచి 30 నిమిషాలకోసారి బరువు మార్చుకోవాలని ఫోనులో అలారం పెట్టిస్తారు. ఇంటికెళ్లాక ఒళ్లు చూసుకోవాల్సింది ఆ పేషెంటే కదా.

నాలుగో అడుగు: ఎవరూ మాట్లాడని విషయం గురించి అడగండి

మూత్రం, విరేచనం. రీహ్యాబ్ నర్సు నైపుణ్యంలో సగం ఇక్కడే ఉంటుంది. అవార్డు దరఖాస్తుల్లో దీని గురించి ఒక్క వాక్యం కూడా కనిపించదు.

డైపర్ వేసి వదిలేయడం, ట్యూబు పెట్టి బ్యాగు తగిలించడం తేలిక. చాలామంది ఇంటివాళ్లు కూడా అదే అడుగుతారు. కానీ ఎందరో పేషెంట్లు ఇంటికి వెళ్లగలరా లేదా అన్నది నడక కంటే ఎక్కువగా ఈ విషయం మీదే ఆధారపడుతుంది. నడవలేని తండ్రిని కొడుకు వీల్‌చైర్‌లో తిప్పుతాడు. రోజుకు నాలుగుసార్లు పక్క తడుస్తుంటే మాత్రం ఇద్దరి మనసూ చితికిపోతుంది.

మంచి నర్సు ముందు రెండు మూడు రోజులు లెక్క రాస్తుంది. ఎప్పుడు ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది. ఆ లెక్క నుంచి ఒక టైము పట్టిక పుడుతుంది. పేషెంటు అడగకముందే, పక్క తడవకముందే తీసుకెళ్తుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు 4 నుంచి 6 గంటలకోసారి క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో మూత్రాశయం ఖాళీ చేసి, గొట్టం తీసేయడం నేర్పుతుంది. ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటనివ్వకూడదన్నది గురి. ఈ పని ఇంట్లో శుభ్రంగా కడుక్కున్న చేతులతో చేసుకోవచ్చని 1972లో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు చూపించాక ఎందరో ఎప్పుడూ తగిలి ఉండే ట్యూబు నుంచి బయటపడ్డారు. విరేచనానికైతే రోజూ ఒకే టైము. తిన్న 20, 30 నిమిషాల తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది కాబట్టి ఆ సమయాన్ని వాడుకుంటుంది.

వార్డుల్లో చాలా పడిపోవడాలు బాత్రూముకు తొందరపడి లేచినప్పుడు జరుగుతాయి. అంటే ఈ టైము పట్టిక పడిపోకుండా ఆపే మందు కూడా.

ఇందులో నర్సు గొంతు చాలా ముఖ్యం. తెర పూర్తిగా లాగిందా? "డైపర్ మార్చాలా?" అని పది మంచాల వరకూ వినపడేలా అడిగిందా, దగ్గరికి వంగి అడిగిందా? పొరపాటు జరిగిపోయిన రోజు పేషెంటు ముఖం చూసి ఏమంది? ఒక సిస్టర్ ఒక కుర్రాడితో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "తప్పు నీది కాదు, నా టైముది. రేపు అరగంట ముందు వస్తాను." ఆ కుర్రాడు అప్పటిదాకా తల ఎత్తలేదు, ఆ మాటకు ఎత్తాడు.

ఐదో అడుగు: భోజనం టైములో కూర్చోండి

ఇది ఇరవై నిమిషాల పని, చాలా చెప్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడంలో ఇబ్బంది ఉంటే నిటారుగా కూర్చోబెట్టిందా? చిన్న ముద్దలు, ఒకటి మింగాకే ఇంకోటి. బలం లేని బుగ్గలో తిండి ఇరుక్కుపోయి పేషెంటుకు తెలియకపోవచ్చు. చివర్లో నోరు తెరిపించి చూసిందా? తిన్న తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచిందా? దగ్గు లేకుండా కూడా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. తాగాక గొంతు తడిగా, గరగరలాడుతూ మారిందని వినగానే ఆపేసి స్పీచ్ థెరపిస్టుకు చెప్పే చెవి ఉండాలి.

మాట పోయినవాళ్లతో ఆవిడ ఎలా మాట్లాడుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. వాళ్లకు చెవుడు లేదు, అరవక్కర్లేదు. ఒక్కో ప్రశ్న, అవునో కాదో చాలు అనేలా. తర్వాత ఎదురుచూపు. పేషెంటు మాట వెతుక్కుంటుంటే మనకు నోరు ఆగదు, మధ్యలో అందించేస్తాం. పది సెకన్లు నిశ్శబ్దంగా ఆగగలిగిన మనిషి అరుదు. ఎడమ వైపు ప్రపంచమే లేనట్టుగా ప్రవర్తించే పేషెంటుకు ఆవిడ ఎడమ వైపు నుంచి పలకరిస్తూ ఆ వైపుకు తల తిప్పించిందా అని కూడా చూడండి. చొక్కా రోజు ఆ సిస్టర్ ఎడమ పక్కన నిలబడింది అందుకే.

ఆరో అడుగు: అపాయం వేళ ఏం చేసిందో తెలుసుకోండి

రీహ్యాబ్ అంటే నింపాదిగా సాగే పని అనుకుంటారు. ఒక మధ్యాహ్నం మా థెరపీ హాల్లో వెన్నుపాము గాయం ఉన్న యువకుడికి ఉన్నట్టుండి తలనొప్పి వచ్చింది. ముఖం ఎర్రబడింది, నుదురంతా చెమట, కాళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. బీపీ చూస్తే 150. పెద్దగా కంగారుపడాల్సిన అంకె కాదని నేను అనుకున్నాను. అప్పుడే వచ్చిన సిస్టర్ ఆ అంకె చూసి, "ఇతని మామూలు బీపీ 95" అంది. ఆ ఒక్క వాక్యంతో అంతా మారిపోయింది.

ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస దగ్గరో, అంతకు పైనో గాయమైనవాళ్లకు కింది ఒంట్లో ఏదైనా ఇబ్బంది కలిగితే ఆ కబురు మెదడుకు సరిగా చేరదు, రక్తపోటు మాత్రం అదుపు తప్పి ఎగబాకుతుంది. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. మామూలు కంటే 20 నుంచి 40 పెరిగినా ప్రమాద సంకేతమే. వదిలేస్తే ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. ఆవిడ అతన్ని పడుకోబెట్టలేదు. నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించింది, నడుము బెల్టు వదులు చేసింది, డాక్టర్‌కు ఫోన్ చేయమని నాకు చెప్తూనే యూరిన్ ట్యూబు మీద చెయ్యి పెట్టి పై నుంచి కిందికి జరుపుకుంటూ వచ్చింది. తొడ కింద ట్యూబు మడతపడి ఉంది. సరిచేయగానే బ్యాగులోకి ధార మొదలైంది. రెండేసి నిమిషాలకు బీపీ చూస్తూ నిలబడింది. డాక్టర్ వచ్చేసరికి అంకె దిగుతోంది.

పడుకోబెట్టి ఉంటే బీపీ ఇంకా పెరిగేది. చాలా చోట్ల తలనొప్పి మాత్ర ఇచ్చి ఊరుకునేవారు. తన పేషెంటు మామూలు అంకెలు నాలుక చివర ఉండడం, కారణాన్ని చేత్తో వెతకడం, ఈ రెండూ ఏళ్ల తరబడి శ్రద్ధగా పనిచేస్తే తప్ప రావు. మీరు గుర్తించాలనుకుంటున్న నర్సు విషయంలో ఇలాంటి సంఘటన ఒకటి దొరుకుతుందేమో అడిగి చూడండి. జరగకుండా ఆపిన అపాయాల గురించి కూడా అడగండి. మొదటిసారి నిలబెట్టే ముందు పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డాక మూడు నిమిషాల లోపు బీపీ చూసి, పై అంకె 20 పడిపోయిందని ఆ రోజు నడక ఆపించిన నర్సు కథ ఎవరూ చెప్పరు. అక్కడ ఏమీ జరగలేదు కాబట్టి.

ఏడో అడుగు: ఇంటివాళ్లకు ఏం వచ్చిందో చూడండి

నర్సును చూడకుండానే ఆమె పనితనాన్ని కొలిచే పద్ధతి ఇది. పేషెంటు భార్యనో, కొడుకునో వీల్‌చైర్ మంచం పక్కన పెట్టి చూపించమనండి. బలమున్న వైపు, కాస్త ఏటవాలుగా పెట్టారా? బ్రేకులు వేశారా, ఫుట్‌రెస్టులు పైకి మడిచారా? చంకల్లో చేతులు వేసి ఎత్తకుండా నడుము బెల్టు పట్టుకున్నారా? "ఒకటి, రెండు, మూడు" లెక్క పేషెంటు చేతనే పెట్టించారా? ఇవన్నీ చేశారంటే వాళ్ల వెనక ఒక నర్సు ఉంది.

చెప్పడం వేరు, నేర్పడం వేరు. డిశ్చార్జ్ రోజు కాగితం చేతికిచ్చి "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. "ఇప్పుడు మీరు నాకు చేసి చూపించండి" అనే నర్సు తేడా తెలిసిన మనిషి. మొదటి వారంలోనే ఇంటి సంగతులు అడుగుతుంది. బాత్రూము తలుపు ఎంత వెడల్పు, గడప ఉందా, మంచం ఎత్తెంత, రాత్రి పక్కన పడుకునేది ఎవరు అని. నాకు తెలిసిన ఒక సిస్టర్ ఒక రోజంతా మొత్తం పని భార్యకే అప్పగించి తాను కుర్చీలో కూర్చునేది. మధ్యాహ్నానికి ఆ భార్యకు భయం పోయేది. సాయంత్రానికి ప్రశ్నలు మొదలయ్యేవి, అవి ఇంటికి వెళ్లాక రావాల్సిన ప్రశ్నలు.

ఎనిమిదో అడుగు: సరైన ప్రశ్నలు, సరైన మనుషులు

"సిస్టర్ మంచిదేనా?" అని అడిగితే "చాలా మంచిది" అనే వస్తుంది. బదులుగా పేషెంటును ఇలా అడగండి: వచ్చినప్పుడు చేతకానిది, ఇప్పుడు మీ అంతట మీరు చేసుకుంటున్నది ఏంటి? అది ఎవరి దగ్గర వచ్చింది? మీరు కోపం తెచ్చుకున్న రోజు ఆవిడ ఏం చేసింది? తోటి నర్సులను అడగండి: బరువైన పేషెంటు ఉన్న రోజు మీరు ఎవరితో డ్యూటీ పడాలని కోరుకుంటారు? వార్డు ఊడ్చే మనిషిని, ఆయాను తప్పకుండా అడగండి. వాళ్లు అందరినీ అన్ని వేళలా చూస్తారు, ఎవరూ వాళ్లను అడగరు.

కేస్ షీటు చదవండి. "పేషెంటు బాగున్నారు, రాత్రి ప్రశాంతంగా గడిచింది" అని రోజూ ఒకటే రాత ఉంటే అందులో మీకు దొరికేది ఏమీ లేదు. "మంచం నుంచి కుర్చీకి ఒకరి సాయంతో, రెండుసార్లు గుర్తుచేస్తే బ్రేకు తానే వేశారు, నిన్న నాలుగుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది" అని రాసిన సిస్టర్ మరుసటి షిఫ్టుకు పాఠం అందిస్తోంది. అలాంటి నోట్సు చదివాకే నేను ఆ రోజు ఏం చేయించాలో నిర్ణయించుకుంటాను.

అంకెలతో జాగ్రత్త. పేషెంట్లు ఎంత మెరుగుపడ్డారన్నది మొత్తం టీము పని, పైగా తేలికైన కేసులు వచ్చినవాళ్లకు అంకెలు బాగుంటాయి. ఒక నర్సు షిఫ్టులో ఎవరూ ఎప్పుడూ పడలేదంటే రెండు కారణాలుండొచ్చు. జాగ్రత్తగా నడిపిస్తూ ఉండొచ్చు, అసలు ఎవరినీ మంచం దిగనివ్వకపోతూ ఉండొచ్చు. రెండో రకానికి అవార్డు ఇస్తే మొత్తం వార్డుకు చెడ్డ పాఠం చెప్పినట్టే. చలాకీతనం, నవ్వు, అందరితో కలుపుగోలుగా ఉండడం మంచివే. వాటిని లెక్కలోకి తీసుకోండి కానీ వాటితో మొదలుపెట్టకండి. మౌనంగా పనిచేసే మనుషులు అక్కడే వెనకబడిపోతారు.

ఇక సర్టిఫికెట్లు. ఈ రంగం ప్రత్యేక విద్యగా స్థిరపడి చాలాకాలమైంది. అమెరికాలో రీహ్యాబ్ నర్సుల సంఘం 1974లో ఏర్పడింది, వాళ్లకు ప్రత్యేక సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంది. చదువు ఉంటే దాన్ని గౌరవించండి. లేనంత మాత్రాన పేరు కొట్టేయకండి.

తొమ్మిదో అడుగు: రాయండి

మనసులో ఉన్నది కాగితం మీదికి వచ్చేసరికి "అంకితభావంతో, చిరునవ్వుతో, నిస్వార్థంగా సేవలందించారు" అయిపోతుంది. ఆ వాక్యంలో పేరు మార్చి ఎవరికైనా పెట్టొచ్చు. అలా పెట్టగలిగితే కొట్టేయండి. ముందు పేషెంటు పరిస్థితి రాయండి, తర్వాత నర్సు చేసిన ఒకే ఒక్క పని, తర్వాత ఏం మారిందో రాయండి. ఇలా:

"పేషెంటుకు ఎడమ చెయ్యి పనిచేయదు. వార్డుకు వచ్చినప్పుడు చొక్కా ఇంటివాళ్లే తొడిగేవారు. సిస్టర్ రోజూ ఉదయం పావుగంట ముందు వచ్చి, చేత్తో ముట్టుకోకుండా, మాటతో మాత్రమే నేర్పారు. పన్నెండో రోజుకు కాలర్ గుండీ తప్ప మిగతా అంతా ఆయనే వేసుకున్నారు. ఆ రోజు నుంచి స్నానం కూడా తానే చేస్తానని ఆయనే అడిగారు."

నాలుగైదు వాక్యాలు చాలు. చదివే కమిటీకి మనిషి కనిపిస్తుంది. పేషెంటు పేరు, గుర్తుపట్టే వివరాలు రాయకండి. కథ రాయడానికి ఆయన అనుమతి తీసుకోండి. మూత్రం, విరేచనం సంగతులైతే అనుమతి ఉన్నా ఎవరి కథో తెలియకుండా, నర్సు పద్ధతి గురించి మాత్రమే రాయండి. కానీ రాయండి, వదిలేయొద్దు.

ఎక్కడికి పంపాలి? మీ సంస్థలో అవార్డు ఉంటే అక్కడికి. 1999లో ప్యాట్రిక్ బార్న్స్ అనే వ్యక్తి చనిపోయాక, ఆఖరి రోజుల్లో నర్సులు చూపిన ఆప్యాయతకు కృతజ్ఞతగా ఆయన కుటుంబం మొదలుపెట్టిన డైసీ అవార్డు ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. అందులో పాల్గొనే ఆసుపత్రుల్లో పేషెంట్లు, బంధువులు, తోటి సిబ్బంది ఎవరైనా పేరు సూచించవచ్చు. ఏదీ లేకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తేదీ వేసి ఉత్తరం రాయండి, ఒక కాపీ ఆమె సర్వీస్ ఫైల్లో పెట్టమని అడగండి. మే 12, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజున జరిపే నర్సుల దినోత్సవం దాకా ఆగకండి. చూసిన వారంలోనే రాస్తే వివరాలు చెదిరిపోవు.

పదో అడుగు: గుర్తింపు ఆమెకు భారం కాకుండా చూడండి

ఇది ఇన్‌చార్జిలకు. ఫలానా సిస్టర్ గొప్పగా చేస్తుందని తేలగానే కష్టమైన పేషెంట్లందరినీ ఆమెకే వేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఏడాది తిరిగేసరికి ఆమె నడుము పట్టేస్తుంది, లేదా ఆమె మానేస్తుంది. పదకొండు నిమిషాలు ఆగాలంటే ఆమె చేతిలో పదకొండు నిమిషాలు ఉండాలి. మీరు ఇవ్వగలిగే నిజమైన బహుమతి ఆ టైమే. ఉదయం రద్దీ వేళ ఇంకొక మనిషిని వేయండి. కొత్తగా చేరినవాళ్లను నెలపాటు ఆమె వెంట ఉంచండి, ఆ నెల ఆమె పేషెంట్ల సంఖ్య తగ్గించండి. టీము మీటింగులో డిశ్చార్జ్ తేదీ నిర్ణయించేటప్పుడు ఆమె మాట అడగండి, అడిగాక వినండి.

మీరు రాసింది ఆమెకు చదివి వినిపించండి. ఎదురుగా నిలబడి, ఏ పనికి మెచ్చుకుంటున్నారో ఆ పని పేరు పెట్టి చెప్పండి. చొక్కా గురించి నేను రాసిన ఐదు వాక్యాలు చదివినప్పుడు ఆ సిస్టర్ మందుల ట్రే పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నది. ట్రే బల్ల మీద పెట్టి అడిగింది: "మొన్న ఫాలో అప్‌కి వచ్చారు కదా, కాలర్ గుండీ పెట్టుకుంటున్నారా ఇప్పుడు?"